మెషిన్‌తో రూట్ కెనాల్ మంచిదా, చేత్తో చేసేదా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకు 44 ఏళ్లు, కొండకు జీపు తోలుతారు. ఎడమవైపు కింది దవడ పన్ను నెల నుంచి సలుపుతా ఉంది. రాత్రిళ్లు నిద్ర లేదు. మాకు దగ్గర్లో ఉండే డాక్టర్ ఎక్స్‌రే తీసి, రూట్ కెనాల్ చేయాలి, చేత్తో ఫైళ్లు అనే సన్న తీగలు పెట్టి శుభ్రం చేస్తాను, మూడు సిట్టింగులు పడుతుంది, క్యాప్ కాకుండా 3,000 అవుతుంది అన్నారు. మా తోడికోడలు చెప్పిందని ఇంకో పెద్ద క్లినిక్‌కి పోతే, చేత్తో చేసేది పాతకాలం పద్ధతి, మేము రోటరీ మెషిన్‌తో ఒకే సిట్టింగులో ముగిస్తాం, 6,500 అన్నారు. వేర్లు వంకరగా ఉన్నాయని, కొన దగ్గర చీము మచ్చ ఉందని మాత్రం ఇద్దరూ చెప్పారు. ఆయనకు షుగర్ ఉంది, మాత్రలు వాడతారు. మా అత్త అయితే "పీకి పారేస్తే పోలా, ఎందుకీ యాతన" అంటా ఉంది. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ ఇద్దరు డాక్టర్లూ అబద్ధం చెప్పలేదు. అయితే ఇద్దరూ సగం సగమే చెప్పారు. దవడ పన్ను, అందులోనూ వేర్లు వంకర అని మీరు రాశారు కాబట్టి నేను రోటరీ వైపు కొంచెం మొగ్గుతాను. కానీ ఒకే సిట్టింగ్ వైపు మొగ్గను. ఏ పరికరంతో శుభ్రం చేస్తారు అన్నది ఒక విషయం, ఎన్నిసార్లు పిలుస్తారు అన్నది ఇంకో విషయం. రోటరీతో చేసి రెండుసార్లు పిలవొచ్చు, చేత్తో చేసి ఒక్కరోజులో ముగించనూ వచ్చు. ఆ క్లినిక్ వాళ్లు రెండింటినీ ఒక ప్యాకేజీగా కట్టి మీ చేతికిచ్చారు, మీరేమో రేటు చూసి భయపడ్డారు.

ఇంకో చిన్న అపోహ కూడా చాలామందికి ఉంటుంది. చేత్తో అంటే మెషిన్ సౌండ్ ఉండదనుకుంటారు. పన్నుకు పైనుంచి దారి తెరిచేటప్పుడు గుయ్యిమని చెవుల్లో మోగేది ఎయిరోటర్. అది ఏ పద్ధతిలోనైనా తప్పదు. రోటరీ అనేది ఆ తర్వాత, వేరు లోపలికి దిగినప్పుడు వాడే వేరే మోటారు. అది నెమ్మదిగా తిరుగుతుంది, దాని చప్పుడు మీ ఆయన జీపులో ఏసీ ఫ్యాన్ పాటి కూడా ఉండదు. మత్తు ఇంజెక్షన్ రెండింటికీ ఒకటే.

ఇక అసలు పని. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తని కండ ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా దిగితే సూక్ష్మజీవులు చేరి, ఆ కండ చచ్చి, కుళ్లి, వేరు కొన దగ్గర ఎముకలో చీము పడుతుంది. మీ ఎక్స్‌రేలో కనిపించిన నల్ల మచ్చ అదే. ఈ రోగమంతా సూక్ష్మజీవుల పనే అని తేల్చిన ప్రయోగం 1965లో అమెరికాలో జరిగింది. ఎలుకల పళ్లకు లోపలిదాకా రంధ్రం చేసి వదిలేశారు. మామూలు ఎలుకలకు పళ్లు కుళ్లి చీము పట్టింది. సూక్ష్మజీవి అన్నదే లేని వాతావరణంలో పెంచిన ఎలుకలకు మాత్రం ఆ రంధ్రం దానంతటదే పూడింది. కాబట్టి రూట్ కెనాల్ అంటే లోపలి సూక్ష్మజీవుల్ని వీలైనంత తగ్గించి, మళ్లీ చేరకుండా మూసేయడం. ఫైలు ఏదైనా దాన్ని తూచాల్సింది ఈ లెక్కతోనే.

చేత్తో వాడే ఫైలు మీరు చూసే ఉంటారు. రంగు ప్లాస్టిక్ పిడి, దానికి సన్నని మెలితిరిగిన స్టీలు తీగ, మధ్యలో చిన్న రబ్బరు బిళ్ల. ఆ రంగు అందానికి కాదు, సైజుకు గుర్తు. వంగపండు రంగు అంటే 10 నంబరు, కొన మందం మిల్లీమీటరులో పదో వంతు. తెలుపు 15, పసుపు 20, ఎరుపు 25, నీలం 30. కోసే భాగం 16 మిల్లీమీటర్లు, కొన నుంచి పైకి ప్రతి మిల్లీమీటరుకూ 0.02 మిల్లీమీటరు చొప్పున లావవుతుంది. ప్రపంచంలో ఏ కంపెనీ 25 కొన్నా కొలత ఇదే. రబ్బరు బిళ్ల దేనికంటే, వేరు పొడవు ఎంతో కొలిచి అక్కడ బిళ్లను ఆపితే, ఫైలు అంతకు మించి దిగకుండా కంటికి గుర్తుగా ఉంటుంది.

మంచి డాక్టర్ పని మొదలుపెట్టేటప్పుడు 10 నంబరు ఫైలు కొనను వేళ్ల మధ్య పట్టుకుని కొద్దిగా వంచుతాడు. వంచి, ఇటు కొంచెం అటు కొంచెం తిప్పుతూ దింపుతాడు. ఎక్కడ పట్టేస్తోంది, ఎక్కడ మెత్తగా జారుతోంది అన్నది వేలి కొసకు తెలుస్తుంది. ఆ స్పర్శ మోటారుకు లేదు. అందుకే ఎంత ఖరీదైన రోటరీ క్లినిక్‌లోనైనా మొదటి దారి తీసేది చేతి ఫైలే. 10, 15 నంబర్లు కొన దాకా సాఫీగా దిగి వస్తేనే మోటారు తగిలించాలి. "మేము అసలు చేతి ఫైలే ముట్టం" అని ఎవరైనా గొప్పలు పోతే మాత్రం నాకు అనుమానమే.

స్టీలుతో చిక్కు ఎక్కడొస్తుందంటే, సైజు పెరిగేకొద్దీ అది బిరుసెక్కుతుంది. 10 నంబరు వంపులో వంగుతుంది. 25, 30 దగ్గరికి వచ్చేసరికి అది తిన్నగానే పోతానంటుంది. ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ తిప్పకుండా పోతే బండి ఎటు పోతుందో మీ ఆయనను అడగండి, వంకర వేరులో లావు స్టీలు ఫైలు కూడా అదే చేస్తుంది. వంపు బయటి గోడను తవ్వి అక్కడ ఒక మెట్టు కడుతుంది. ఆ మెట్టు పడ్డాక ఏ ఫైలు పెట్టినా దానికే తట్టుకుంటుంది తప్ప కొన దాకా పోదు. కొన దగ్గర చీము మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇంకా బలవంతం చేస్తే వేరుకు పక్కన చిల్లు పడుతుంది.

దీనికి చేతి పద్ధతుల్లోనే కొన్ని ఉపాయాలున్నాయి. పాత అలవాటు ఏమిటంటే ఫైలును పైకీ కిందికీ రంపంలా లాగడం. దీనిలో తవ్విన పొడి కిందికి నెట్టుకుపోయి కొన దగ్గర అడ్డు పడటం, కొంత బయటికి పోయి రెండ్రోజులు పన్ను ముట్టనీయకుండా నొప్పి పుట్టడం ఎక్కువ. తర్వాత మెట్లు మెట్లుగా చేయడం వచ్చింది. అంటే కొన దాకా సన్న ఫైలు, ఆపైన ఒక్కో మిల్లీమీటరు తక్కువ లోతులో ఒక్కో సైజు లావు ఫైలు. దానికంటే నాకు నచ్చేది 1985లో రోన్ అనే అమెరికా డాక్టర్ చెప్పిన పద్ధతి. ఫైలును కుడివైపు పావు చుట్టు తిప్పి గోడకు పట్టించాలి, తర్వాత మెల్లగా కిందికి అదిమిపెట్టి ఎడమవైపు అంతకంటే ఎక్కువ తిప్పాలి. అప్పుడు సన్నగా టిక్ టిక్ అని గోడ తెగుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. ఫైలు వంపు మధ్యలోనే ఉండిపోతుంది, పక్కకు తవ్వదు. ఇది నేర్చుకున్న చేయి వంకర వేరును కూడా స్టీలుతో చక్కగా చేస్తుంది. కాకపోతే టైము పడుతుంది. రోజుకు ఇరవై మంది పేషెంట్లు కూర్చునే చోట అంత ఓపిక ఎవరికుంటుందన్నది వేరే కథ.

రోటరీకి అసలు బలం మోటారు కాదు, లోహం. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో నికెల్, టైటానియం కలిపి ఒక మిశ్రమ లోహం తయారు చేశారు. వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది. ఎత్తు పళ్లకు వేసే క్లిప్పుల తీగల్లోకి అది ముందు వచ్చింది. ఆ తీగనే అరగదీసి రూట్ కెనాల్ ఫైలు చేస్తే ఎలా ఉంటుందని 1988లో పరీక్షించారు. అదే 15 సైజు స్టీలు ఫైలుతో పోల్చితే రెండు మూడు రెట్లు ఎక్కువ వంగింది. అంత వంగే తీగ ఉంటేనే దాన్ని వంపులో గుండ్రంగా తిప్పడం కుదురుతుంది. స్టీలును అలా తిప్పితే వేరు గోడనైనా తవ్వేస్తుంది, లేదా తనే తెగుతుంది.

ఇప్పుడు క్లినిక్కుల్లో తిరిగే రోటరీ ఫైళ్లు చాలావరకు నిమిషానికి 250 నుంచి 350 చుట్లు తిరుగుతాయి. మోటారుకు ఒక హద్దు పెడతారు. ఫైలు ఎక్కడైనా పట్టేసి ఆ హద్దు దాటితే బీప్‌మని మోగి, ఆగి, వెనక్కి తిరుగుతుంది. డాక్టర్ చేయి రెండు మూడుసార్లు మెల్లగా తట్టినట్టు దింపి బయటికి తీస్తుంది. తీసినప్పుడు చూడండి, మెలికల మధ్య తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని తడి దూదితో తుడిచి, వేరులో నీళ్లు పోసి కడిగి మళ్లీ దింపాలి. తుడవకుండా, కడగకుండా వరసగా తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పొడే కొన దగ్గర గడ్డకట్టి కూర్చుంటుంది.

వంకర వేరులో దారి మధ్యలోనే ఉంచడంలో, పని త్వరగా అవడంలో రోటరీ గెలుస్తుంది. పొడిని పైకి తెస్తుంది కాబట్టి కొన బయటికి నెట్టేది తక్కువ. తర్వాతి రోజుల నొప్పి కూడా రంపం తీరు చేతి పనితో పోల్చితే తక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. మీ ఆయన లాంటి వాళ్లకు నోరు గంటసేపు తెరిచి ఉంచే బాధ తగ్గడం కూడా చిన్న విషయమేమీ కాదు.

నష్టాలూ ఉన్నాయి, అవి ఎవరూ బోర్డు మీద రాయరు. ఈ లోహం తెగే ముందు చెప్పదు. స్టీలు ఫైలు అలసిపోతే మెలికలు విప్పుకున్నట్టు కంటికి కనిపిస్తుంది, తీసి పారేస్తాం. నికెల్ టైటానియం ఫైలు పైకి కొత్తదానిలా మెరుస్తూనే వంపులో తిరిగి తిరిగి అలసి, ఉన్నట్టుండి తెగిపోతుంది. అందుకే ఒకే ఫైలును ఎన్ని పళ్లకు వాడారు అన్నది పెద్ద ప్రశ్న. మన దగ్గర ఫైలు ధర చూసుకుని మళ్లీ మళ్లీ వాడటం మామూలే. ఆటోక్లేవ్ అనే వేడి ఆవిరి పెట్టెలో పెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ లోహానికి అలసట తీరదు. ఇంకోటి, రోటరీ ఫైళ్లు స్టీలు వాటికంటే త్వరగా లావెక్కుతాయి. స్టీలు 25 నంబరు, కోసే భాగం పై చివర 0.57 మిల్లీమీటరు. మిల్లీమీటరుకు 0.06 చొప్పున లావయ్యే రోటరీ 25 అయితే అదే చోట 1.21. మందు నీళ్లు బాగా దిగడానికి ఆ వెడల్పు పనికొస్తుంది. కానీ పన్ను మెడ దగ్గర అంత గోడ తరిగిపోతే, నాలుగేళ్ల తర్వాత చెనక్కాయ ఉండ కొరికినప్పుడు పన్ను చీలే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది 0.04 వాటికి తగ్గుతున్నారు. మంచి పనే.

మీరు అడగలేదు గానీ, ఆ పెద్ద క్లినిక్ వాళ్లు ఒకే ఫైలుతో అయిపోతుందన్నా ఆశ్చర్యపోకండి. 2008లో యారెడ్ అనే కెనడా డాక్టర్ ఒక ఆలోచన చెప్పారు. ఫైలును ఒకవైపే గిరగిరా తిప్పకుండా, కోసే వైపు ఎక్కువ, వెనక్కి తక్కువ తిప్పితే అది పట్టేయదు, అలసట తగ్గుతుంది, ఒకే ఫైలుతో పని అవుతుంది అని. 2011లో ఇలాంటి ఫైళ్లు మార్కెట్‌లోకి వచ్చాయి. ఒక కంపెనీది కోసే వైపు 150 డిగ్రీలు, వెనక్కి 30 డిగ్రీలు తిరుగుతుంది. అంటే మూడు కదలికలకు ఒక పూర్తి చుట్టు. రోన్ చేత్తో చేసిన దానికి ఇది మోటారు చుట్టమే. బాగానే పనిచేస్తుంది. వీటిని ఒక పేషెంటుకు వాడి పారేసేలా తయారు చేస్తారు కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది.

ఇక మధ్యే మార్గం ఒకటుంది, దాన్ని మీ దగ్గరి డాక్టర్‌ను అడిగి చూడండి. నికెల్ టైటానియం ఫైళ్లే చేతి పిడితో దొరుకుతాయి, హ్యాండ్ ప్రొటేపర్ లాంటివి. లోహం ఆ మెత్తనిదే, తిప్పేది మాత్రం డాక్టర్ వేళ్లు. మోటారు లేని చిన్న క్లినిక్కుల్లో చాలామంది ఇప్పుడు వీటినే వాడుతున్నారు. "చేత్తో చేస్తాను" అని ఆయన అన్నది వీటి గురించే అయితే, వంకర వేరు గురించి మీకు నేను చెప్పిన భయం చాలావరకు పోతుంది. అప్పుడు 3,000 ఇచ్చి ఆయన దగ్గరే నిశ్చింతగా చేయించుకోవచ్చు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. 2001లో జ్యూరిక్‌లో పీకిన పళ్లను చిన్న సీటీ స్కానర్‌లో పెట్టి, శుభ్రం చేయడానికి ముందూ తర్వాతా లోపలి గోడల్ని పోల్చి చూశారు. ఏ పద్ధతి వాడినా సరే, వేరు లోపలి గోడలో 35 శాతమో అంతకంటే ఎక్కువో ఫైలుకు తగలనే లేదు. ఎందుకంటే ఫైలు గుండ్రం, వేరు లోపలి కాలువ గుండ్రం కాదు. మీ ఆయన పన్నునే తీసుకోండి. కింది దవడ మొదటి పెద్ద పన్నుకు మామూలుగా రెండు వేర్లు, మూడు కాలువలు. వెనక వేరులో కాలువ కోలగా, పట్టీలా ఉంటుంది. ముందు వేరులో ఉన్న రెండు కాలువల మధ్య సన్నని సందు ఉంటుంది, దానిలోకి ఏ ఫైలూ దూరదు. ఆ సందుల్లో కుళ్లిన కండ అలాగే ఉంటుంది.

దాన్ని కరిగించేది ఫైలు కాదు, మందు నీళ్లు. సోడియం హైపోక్లోరైట్ అంటాం. బట్టలకు వాడే బ్లీచింగ్ ద్రవంలో ఉండేది ఇదే రసాయనం, క్లినిక్‌లో ఆ వాసన మీకు తగిలే ఉంటుంది. చచ్చిన కండను కరిగిస్తుంది, సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఫైలు రాపిడికి గోడ మీద పట్టే మెత్తని పొరను తీయడానికి 17 శాతం ఈడీటీఏ అనే ఇంకో ద్రవం వాడతారు. ఫైలు చేసేది ఈ నీళ్లు కొన దాకా దిగడానికి దారి వెడల్పు చేయడమే. అందుకే రోటరీతో పావుగంటలో దారి వేసి, నాలుగు చుక్కలు పోసి మూసేసే డాక్టర్ కంటే, చేత్తో ముక్కాలు గంట చేసి ప్రతి ఫైలుకూ కడిగే డాక్టర్ నయం. రోటరీ వల్ల మిగిలిన టైమును కడగడానికి వాడితే రోటరీకి తిరుగులేదు. మిగిలిన టైములో ఇంకో పేషెంటును కూర్చోబెట్టుకుంటే, మీరు ఎక్కువ పెట్టిన 3,500 ఎందుకో నాకు తెలియదు.

కడగడంలో కూడా పద్ధతి ఉంది. కొన మూసి ఉండి పక్కన రంధ్రం ఉండే సన్నని సూది వాడాలి, అది కాలువలో బిగుసుకోకూడదు, మెల్లగా ఒత్తాలి. బిగించి గట్టిగా ఒత్తితే ఆ ద్రవం వేరు దాటి ఎముకలోకి పోయి, చెంప అప్పటికప్పుడు ఉబ్బి భరించలేని నొప్పి వస్తుంది. అరుదే, కానీ జరుగుతుంది. ద్రవం పోశాక అల్ట్రాసోనిక్ కొనతో కొన్ని సెకన్లు కదిలిస్తే సందుల్లోకి ఇంకా బాగా చేరుతుంది. "లేజర్ రూట్ కెనాల్" అని మన ఊళ్లో బోర్డులు పెడుతున్నారు చూడండి, అక్కడ కూడా లేజర్ ఫైలుకు బదులు కాదు. ఈ కడిగే పనికి సాయం, అంతే.

అయితే ఒకే సిట్టింగా, మూడా? రెండు రకాలుగా చేసిన పళ్లను పోల్చిన పరిశోధనలన్నీ కలిపి కొక్రేన్ సంస్థ వాళ్లు చూస్తే, పన్ను మానడంలో తేడా ఉన్నట్టు రుజువు దొరకలేదు. ఒకేసారి చేసినవాళ్లకు మొదటి వారంలో నొప్పి కొంచెం ఎక్కువ. మీ ఆయనకు చీము ఉంది, పైగా షుగర్. కాలువలోంచి చీమో నీరో ఊరుతూ ఉంటే ఆ రోజు మూసేయకూడదు, ఎంత తొందరున్నా సరే. కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి, తాత్కాలికంగా మూసి, వారమో పది రోజులో ఆగి రెండోసారి నింపడం నా లెక్కలో మంచిది. మూడుసార్లు ఎందుకు అని దగ్గరి డాక్టర్‌ను అడగండి. చీము కోసం అంటే ఒప్పుకోవచ్చు. బ్రహ్మోత్సవాల రోజుల్లో బండి వదిలిపెట్టి రాలేని వాళ్లు ముందో వెనకో డేట్లు తీసుకోవాలి గానీ, మొదటి సిట్టింగ్ అయి నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకూడదు. అలా మానేసిన పళ్లే ఎక్కువగా పీకే దాకా వస్తాయి.

ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోయినా మూడు మాటలు అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రబ్బరు డ్యామ్ వేస్తారా అని మొదట. పన్నును మాత్రం బయటికి వదిలి మిగతా నోటిని కప్పే రబ్బరు షీటు అది, 1864 నుంచీ ఉన్న పరికరం. అది లేకపోతే ఉమ్మి కాలువలోకి పోతూనే ఉంటుంది, చిన్న ఫైలు జారి గొంతులోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇది వేసే డాక్టర్ కడగడం కూడా సరిగా చేస్తాడని నా నమ్మకం. రెండోది, వేరు పొడవు ఎలా కొలుస్తారు? ఎపెక్స్ లొకేటర్ అనే చిన్న మీటర్‌తో కొలిచి ఎక్స్‌రేతో సరిచూస్తాం అంటే బాగుంది. మూడోది, ఫైళ్లు కొత్తవా, ఎన్నిసార్లు వాడినవి? ఈ మూడింటికీ ఎవరు విసుక్కోకుండా జవాబు చెబితే వారి దగ్గర చేయించుకోండి. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఈ పనే చదివిన ఎండోడాంటిస్టులు ఉంటారు, వేర్లు మరీ వంకరైతే వాళ్ల దగ్గరికి పంపమని అడగడం తప్పు కాదు. డబ్బు ఇబ్బంది అయితే రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది. కాలేజీల్లో ఖర్చు తక్కువ, మాస్టర్లు పక్కనే నిలబడి చూస్తారు. టైము మాత్రం ఎక్కువ పడుతుంది.

పనిలో ఫైలు ముక్క లోపల తెగిందని చెబితే కంగారు పడొద్దు. చేతి ఫైలైనా, మెషిన్ ఫైలైనా అప్పుడప్పుడు తెగుతుంది. చాలావరకు శుభ్రం అయ్యాక తెగితే ముక్కను అక్కడే వదిలి నింపినా పన్ను నిలుస్తుంది. చెప్పకుండా దాచడం మాత్రం తప్పు. కాగితం మీద రాసి, ఎక్స్‌రే ఇవ్వమని అడగండి.

అత్తగారి మాట సంగతి. ఆవిడ కాలంలో వేరే దారి లేదు, పీకించేసుకున్నారు. కింది దవడ మొదటి పెద్ద పన్ను నమిలే పనిలో చాలా భారం మోస్తుంది. అది పోతే వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది, పైపన్ను కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జి వేయాలంటే పక్కనున్న మంచి పళ్లు రెండింటిని అరగదీయాలి. పన్ను చీలిపోయి ఉంటేనో, కట్టడానికి గోడలే మిగలకపోతేనో పీకడం సరే, లేదంటే వద్దు.

షుగర్ మాత్రలు మామూలుగానే వేసుకుని, తిని రమ్మనండి, పరగడుపున వద్దు. మూడు నెలల షుగర్ టెస్టు రిపోర్టు ఉంటే చూపించండి, షుగర్ అదుపులో లేకపోతే కొన దగ్గర మానడం ఆలస్యం అవుతుంది. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగుతూ రోజులు నెట్టొద్దు. చచ్చిన నరంలో రక్తం తిరగదు కాబట్టి మందు అక్కడికి చేరదు, వాపు తగ్గినట్టు అనిపించి రోగం లోపలే ఉంటుంది.

క్యాప్ మాట ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేరు. నింపడం కొన దాకా, అంటే కొనకు రెండు మిల్లీమీటర్లలోపు, సందు లేకుండా ఉండాలి, పైన గట్టి మూత ఉండాలి. పన్ను ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పే లెక్కల్లో ఫైలు కంపెనీ కంటే ఇవే ముందుంటాయి. కాబట్టి ఖర్చు లెక్క వేసేటప్పుడు క్యాప్‌తో కలిపి వేయండి. రోటరీకి పెట్టి క్యాప్‌కు డబ్బుల్లేవని ఆరు నెలలు తిరిగేకంటే, చేతి పద్ధతికి పోయి వెంటనే క్యాప్ వేయించడం మేలు. క్యాప్ పడేదాకా మురుకులు, చెరకు ఆ పక్కన వద్దు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈలోగా దవడ కింద గట్టిగా వాచినా, నోరు తెరవడం కష్టమైనా, మింగడం ఇబ్బంది అయినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. కింది పన్ను చీము నాలుక కిందికి, గొంతుకు దిగితే ఊపిరికే ముప్పు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా దిగుతుంది. అది రాత్రి రెండైనా సరే, నేరుగా రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోండి.